పసుపు కాదు, పసిరికలు

నాకు ఏదో తేడాగా ఉందని తెలిసింది గుట్ట మీద, మిట్టమధ్యాహ్నం. అంతకుముందు తేడా లేదని కాదు, పట్టించుకోలేదంతే.

నా పేరు గంగమణి. ఆర్మూర్‌లో ఒక పసుపు గోదాములో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి మండలు ఒక కుప్ప, ఏరి పోయడం నా పని. ఏటా గోదాము నాలుగు రోజులు మూసినప్పుడు మేం ఆరుగురు ఆడవాళ్లం సద్ది కట్టుకుని ఊరి గుట్ట ఎక్కుతాం. మెట్ల మీదుగా పైనున్న గుడి దాకా చేరి, నల్లటి బండల మీద గుట్ట వీపు పట్టుకుని నడిచి, అవతలి కొసన దిగాలి. పొద్దున బయలుదేరితే ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఎప్పుడూ ముందు నడిచేది నేనే. వెనకబడ్డవాళ్లను తిట్టేదీ నేనే.

పోయిన సంవత్సరం సగం దారిలో ఆగిపోయాను. అక్కడ రెండు పెద్ద బండల నడుమ కూర్చుని జారి దిగాలి. కూర్చున్నాను, లేవలేకపోయాను. కుడివైపు పక్కటెముకల కింద గుద్దినట్టు నొప్పి, వెంటనే వాంతి. గోదాములో సంచులు కుట్టే మా నసీమా పరుగెత్తుకొచ్చి సీసాలో నీళ్లతో నా ముఖం కడిగింది. కడిగి, ఎండలో నన్ను చూసి అట్లాగే ఆగిపోయింది.

"యా అల్లా! గంగక్కా, గీ పచ్చ పోతలేదు. నీ కండ్లు గూడ పచ్చగున్నయి."

"పసుపుల పనిచేసేటోళ్లం, పచ్చగ గాక ఎట్లుంటమే?" అన్నాను ఆ నొప్పిలోనే.

"నాలుగొద్దులాయె మనం పసుపు ముట్టక. నా చేతులు జూడు."

తన అరచేతులు నా ముందు చాపింది. శుభ్రంగా ఉన్నాయి. నావి పచ్చగా ఉన్నాయి.

అప్పటికి మూడు వారాలుగా ఒంటినిండా దురద. పసుపు దుమ్ము అనుకున్నాను. మూత్రం చిక్కటి ఛాయ్ రంగులో వచ్చేది. ఎండ అనుకున్నాను. ముఖం పచ్చబడితే మా ఆయన "సబ్బు పెట్టి రుద్దుకోవే" అన్నాడు, రుద్దుకున్నాను. ఒంట్లో ఏది వచ్చినా పసుపు మీదికి తోసేశాం. పసుపు ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లం కదా, మాకు అనుమానమే రాలేదు.

ఇద్దరు నా రెక్కలు పట్టుకుని మెట్ల దాకా తెచ్చారు. అక్కడి నుంచి మా ఆయన రాజలింగం వచ్చి నన్ను వీపున మోసుకుని దిగాడు. ఆయన ఆటో నడుపుతాడు, నసీమా ఫోన్ చేస్తే సవారీని మధ్యలో దింపేసి వచ్చాడు. గుడికి వచ్చినవాళ్లంతా చూస్తున్నారు. నొప్పికి కాదు, సిగ్గుకు ఏడ్చాను. ఈ గుట్టను మళ్లీ నా కాళ్లతో ఈ కొస నుంచి ఆ కొసకు దాటకపోతే నేను గంగమణినే కాను అనుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోవాల్సింది. పోలేదు. భీమ్‌గల్ దిక్కు పసిరికలకు ఆకు పసరు పోసే ఒకాయన ఉన్నాడని మా ఆడబిడ్డ తీసుకెళ్లింది. కామెర్లను మా దగ్గర పసిరికలంటారు. మూడు రోజులు పసరు తాగాను, ఉప్పు, నూనె మానేశాను. మూడోనాడు పళ్లు టకటకలాడే చలిజ్వరం వచ్చింది. అప్పుడు నిజామాబాద్ పెద్ద దవాఖానకు ఉరికాం.

"ఎన్నొద్దుల సంది పచ్చగున్నవమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"తెల్వదు మేడం. మేం ఎప్పటికీ పచ్చగనే ఉంటం."

ఆమె నవ్వలేదు. రక్త పరీక్షలో బిలిరుబిన్ పన్నెండు దాటింది, ఒకటి దాకానే ఉండాలట. అల్ట్రాసౌండ్, ఆ మర్నాడు పైత్యనాళం చూసే ఎమ్మార్సీపీ స్కాన్ చేశారు. "గాల్‌బ్లాడర్‌ల స్టోన్స్ ఉన్నయి. ఒకటి జారి బైల్ డక్ట్‌ల అడ్డం పడ్డది. ఇన్ఫెక్షన్ గూడ అయింది. ఇంకో రెండొద్దులు లేటైతే నా చేతుల ఉండకపోవు," అంది.

మా ఆయనకు భయమేస్తే హాస్యం ఎక్కువవుతుంది. "గుట్ట మీది రాళ్లు సాలలేదని కడుపుల గూడ పెట్టుకున్నవానే?" అన్నాడు. అంటూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఈఆర్సీపీ చేశారు. నోటి నుంచి గొట్టం వేసి రాయి తీసి, నాళం మూసుకుపోకుండా స్టెంట్ పెట్టారు. ఇక అయిపోయింది అనుకున్నాను. తెల్లారేసరికి కడుపులో మంట, వీపులోకి పొడుచుకుపోయే నొప్పి. పాంక్రియటైటిస్, అంటే క్లోమం వాపు, అన్నారు. ఈఆర్సీపీ తర్వాత కొందరికి ఇట్లా అవుతుందట. రెండు రోజులు నోట్లో చుక్క నీళ్లు పోయనివ్వలేదు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. గుట్ట సంగతి దేవుడెరుగు, మంచం దిగుతానా అనిపించింది. నసీమా వచ్చి తడి గుడ్డతో నా పెదవులు అద్దుతూ, "నువ్వు తిట్టకుంటె గోదాముల పొద్దు పోతలేదక్కా, జల్ది రా," అంది. నవ్వితే నొప్పి. అయినా నవ్వాను.

పన్నెండు రోజులకు ఇంటికి పంపారు. నెలన్నర తర్వాత లాపరోస్కోపీ చేసి గాల్‌బ్లాడర్ తీసేశారు, స్టెంట్ కూడా తీశారు. తొమ్మిది కిలోలు తగ్గాను. మొదట ఇంటి గడప దాకా, తర్వాత గల్లీ చివరి దాకా, తర్వాత బస్టాండ్ దాకా నడిచాను. ఆరు నెలలకు గుట్ట మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఇరవై మెట్లకే కూర్చున్నాను. చివరి చెకప్‌లో డాక్టరమ్మను అడిగాను, గుట్ట దాటొచ్చా అని.

"దాటు. నొప్పొస్తె దిగిపో. గొప్పలకు పోకు."

ఈ ఏడు గోదాము మూసినప్పుడు మళ్లీ బయలుదేరాం. "ఒక్కపారి మోసింది సాలదా?" అని గొణుగుతూ మా ఆయన కూడా వెంట వచ్చాడు. పైన గాలి జోరుగా ఉంది. బండలు అప్పుడే కాలడం మొదలయ్యాయి, చెప్పుల్లోంచి కూడా వేడి తెలుస్తోంది. సీతాఫలం పొదలు కొంగు పట్టి లాగుతున్నాయి. ఒకవైపు ఊరు, ఇంకోవైపు ఆలూర్ దిక్కు పొలాలు. ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి, చేతులు ఆనించి, తొందర లేకుండా నడిచాను.

రెండు బండల నడుమ ఆ చోటు వచ్చింది. నసీమా నా చెయ్యి పట్టుకోబోతే విదిలించాను. కూర్చున్నాను. కుడిపక్కన చెయ్యి పెట్టి చూసుకున్నాను, ఏమీ లేదు. జారాను. కిందికి దిగి నిలబడ్డాను. వెనక మా ఆయన బండ మీద కూర్చుని ఇటూ అటూ చూస్తున్నాడు.

"దిగుతవా, వీపున మొయ్యాల్నా?" అని అరిచాను. ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు.

అవతలి కొసకు మూడున్నరకు చేరాం. అక్కడ కాసేపు గట్టిగా ఏడ్చాను. ఈసారి సిగ్గుకు కాదు, నాకు అంత సంతోషంగా ఉంది. తర్వాత సద్ది విప్పి అందరికంటే ఎక్కువ తిన్నాను.

ఇప్పుడు మళ్లీ గోదాములోనే ఉన్నాను. బరువులు మాత్రం ఎత్తను. పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ వాకిట్లో వెలుతురులో నిలబెట్టి, కింది రెప్ప లాగి కళ్లు చూస్తాను. "గంగక్క డాక్టరైంది" అని ఎక్కిరిస్తారు. ఎక్కిరించుకోనివ్వండి. పోయిన నెల, కొత్తగా పనికి చేరిన ఒకామె కళ్లు పచ్చగా కనిపించాయి. "పసుపే అక్కా," అంది. చెయ్యి పట్టుకుని ఆ పూటే టెస్టుకు తీసుకెళ్లాను. హెపటైటిస్ అన్నారు. తొందరగా దొరికింది, కోలుకుంటోంది.

పసుపు పని చేసే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నేను చెప్పేది ఇదొక్కటే. వారానికి ఒకసారైనా పగటి వెలుతురులో అద్దం ముందు కింది రెప్ప లాగి చూసుకోండి. తెల్లగుడ్డు పచ్చగా ఉంటే పసరు కోసం పోకండి, అదే రోజు దవాఖానకు పోయి లివర్ టెస్ట్ చేయించుకోండి. పసుపు చేతికి అంటుతుంది, చీరకు అంటుతుంది, కంటికి అంటదు.