చోటు మారిన అక్షరాలు

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు బస్సెక్కిన ఒకామె నా పక్కన కూర్చుంది. తొండుపల్లి ఆమె, ఆ రోజే ఎయిర్‌పోర్టులో పనిలో చేరుతోందట. "హెల్ప్ డెక్స్ కాడ దింపన్నా" అని కండక్టర్‌తో అనగానే, వెనక కుర్రాళ్లు "డెక్స్ కాదు, డెస్క్" అంటూ పగలబడి నవ్వారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. "అక్కా, ఇంగ్లీషువాళ్లు ఇప్పుడు బర్డ్ అనే పిట్టను ఒకప్పుడు బ్రిడ్ అనేవాళ్లు. వాళ్ల నోట్లోనే అక్షరాలు చోటు మారాయి" అన్నాను.

ఆమె కొంగు తీసింది. "గట్లనా! మరి వాళ్లను జూసి ఎవ్వరు నవ్వలేదా?"

"నవ్వినవాళ్లూ చివరికి అట్లాగే పలికారు."

దిగగానే గేటు దగ్గర కాపలా అతన్ని గట్టిగా అడిగింది: "అన్నా, హెల్ప్ డెక్స్ ఏడున్నది?" అతను నవ్వకుండా చెయ్యెత్తి చూపించాడు.

ఇప్పటికీ ఎక్కడైనా హెల్ప్ డెస్క్ బోర్డు కనబడితే నా నోట ముందు ఆమె మాటే వస్తుంది.