మందు అలవాటు లేదని చెప్పాను

గుజరాత్‌లో కంపెనీ హాస్టల్ క్యాంటీన్. ఆ ఉదయం టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి నిలవలేదు, టీ చొక్కా మీద ఒలికింది. పటాన్‌చెరు కెమికల్ ప్లాంటు నుంచి నాతోపాటు ట్రైనింగుకు వచ్చిన ఆపరేటర్ శ్రీశైలం ఎదురుగా కూర్చుని, "ఏందన్నా, వదినె యాదికొచ్చిందా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటికే రాత్రిళ్లు నిద్ర లేదు. గోడ మీద చీమలు పాకుతున్నట్టు కనిపించేవి, దగ్గరికి వెళ్తే ఏమీ ఉండేవి కావు. ఆ ఊరి నీళ్లు పడలేదనుకున్నాను. మధ్యాహ్నం క్లాసులో పడిపోయాను. కళ్లు తెరిచేసరికి హాస్పిటల్లో ఉన్నాను, నాలుక తెగి ఉంది.

అక్కడి డాక్టరు "దారూ పీతే హో?" అని, మందు తాగుతావా అని అడిగాడు. లేదన్నాను. శ్రీశైలం కూడా లేదన్నాడు. మేమిద్దరం అబద్ధం చెప్పలేదు. మా హత్నూర వైపు దారూ అంటే వైన్ షాపులో దొరికేది. దాని జోలికి నేనెప్పుడూ పోలేదు. డ్యూటీ దిగాక ఊళ్లో కల్లు దుకాణంలో కూర్చోవడం మాత్రం పెళ్లికి ముందు నుంచీ ఉంది. మా నాన్న తాగాడు, పండుగ పూట అమ్మ కూడా తాగేది. దాన్ని తాగుడని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

సీటీ స్కాన్, ఈఈజీ చేశారు. రెండూ నార్మల్. అయినా సీజర్ డిజార్డర్, అంటే ఫిట్స్ జబ్బు అని రాసి మాత్రలిచ్చారు. ఆ డాక్టరు ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నా ఉద్యోగం మిగిలేది.

ఇంటికి వచ్చిన సాయంత్రం దుకాణానికి వెళ్లాను. వణుకు పోయింది, నిద్ర పట్టింది. ఫిట్స్ మాత్రలు పనిచేశాయని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ప్లాంటులో మాత్రం మా మేనేజర్ ప్రసాద్ గారు, భీమవరం వైపు మనిషి, నన్ను రియాక్టర్ దగ్గరకు రానివ్వలేదు. "ఫిట్స్ ఉన్నవాణ్ణి అక్కడ నిలబెట్టలేనయ్యా. రేపు నువ్వు పడితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నారు. ప్యాకింగులో వేశారు. తర్వాత అదీ తీసేశారు.

రెండోసారి పడింది మా ఊళ్లోనే. ఎక్సైజ్ వాళ్లు దుకాణం మూయించారు. కొన్నాళ్లకే నా మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, ఎవరెవరినో పేర్లు పెట్టి పిలిచానట. నా భార్య సుజాత ఆటోలో వేసుకుని సంగారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. వార్డులో మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, అందరి మెడలూ అట్లాగే ఉన్నాయి. అక్కడి డాక్టరమ్మ మందు సంగతి అడగలేదు. నేరుగా సుజాతను అడిగింది.

"మీ ఊళ్లె కల్లు దుకాణం ఎన్నడు బందైంది?"

సుజాత చెప్పింది.

"ఇది మూర్ఛ కాదమ్మా, విత్‌డ్రాయల్. ఆ కల్లుల నిద్రమాత్రల పొడి కలుపుతరు. ఇన్నేండ్లు ఈయన తాగింది గా పొడే. ఒక్కసారే ఆపితే పానం మీదికొస్తది. మాత్ర మేమిచ్చి మెల్లగ తగ్గిస్తం."

ఆ మాత్రలు నా చేతికి ఇవ్వలేదు. చిన్నపిల్లవాడి మందులా సుజాత చేతికిచ్చింది. అది తప్పని అనను, కానీ మర్చిపోలేదు.

డిశ్చార్జ్ అయ్యాక దుకాణం యజమానిని నిలదీశాను. "నేను నీ ఇంటికొచ్చి పిలిచిన్నా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎక్సైజ్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను, ఇప్పటిదాకా ఎవరూ పిలవలేదు. నాకు మూర్ఛ లేదని చెబుదామని ప్లాంటుకు వెళ్తే ప్రసాద్ గారు, "అయితే తాగుబోతువన్నమాట. ఫిట్స్ అంటే జాలైనా ఉండేది" అన్నారు. సెక్యూరిటీ ముందే అన్నారు.

డోసు తగ్గుతూ వస్తుండగా సుజాత అన్న కూతురికి బిడ్డ పుట్టింది. తొట్టెల ఫంక్షన్‌లో పసిదాన్ని ఎత్తుకోబోతే ఆ అన్నే, మా బావ, "ఆయన చేతికియ్యకుండ్రి, పడేస్తడు" అన్నాడు. నేను భోజనం చేయకుండా లేచాను. ఆ సాయంత్రం పక్క ఊరి దుకాణంలో తేలాను.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి మా బావ ఏమన్నాడో చెప్పడం మొదలుపెట్టాను. ఆపేసింది. "ఎవ్వరి మాటకు తాగినవో నాకద్దు. ఏ యాల్లకు, ఏ తొవ్వల తాగినవో చెప్పు." ఆలోచిస్తే ఎప్పుడూ ఒకటే వేళ. ఉద్యోగం పోయినా సరే, షిఫ్టు వదిలే వేళకు, ఊరి తోవలో.

పటాన్‌చెరులో ఒక సేఠ్ ఫ్యాక్టరీలకు గ్లవ్స్, సేఫ్టీ షూస్ అమ్ముతాడు. ఆయన నాకు శాంపిల్ సంచీ, బండికి పెట్రోల్ ఇచ్చి, "దసరా దాకా చూస్త. ఆర్డర్లు లేకుంటే నీ తొవ్వ నీది" అన్నాడు. గేటు గేటుకూ తిరిగి "గ్లవ్స్ కావాలా సార్?" అని అడిగాను. ఉన్నయి, వద్దు అనేవాళ్లు. ఒకాయన తల కూడా ఎత్తలేదు, చేత్తో పొమ్మన్నాడు. ప్రతి 'వద్దు' నాకు మా బావ మాటలాగే తగిలేది. సాయంత్రానికి బండి దానంతటదే ఊరి వైపు తిరిగేది. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చుంటే మళ్లీ దుకాణమే. అది నాకు తెలుసు, సుజాతకూ తెలుసు.

అప్పుడు దవాఖాన గుర్తొచ్చింది. ఒక డాక్టరు అడిగితే లేదన్నాను. ఇంకో డాక్టరు వేరేగా అడిగితే నిజం బయటపడింది. ఆ రోజు నుంచి కావాలా అని అడగడం మానేశాను. ఊరి తోవ పట్టే వేళకు ఇస్నాపూర్‌లో గేటు ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు మారుతోంది. ఒక లేబర్ కాంట్రాక్టర్‌ను అడిగాను: "అన్నా, డ్రమ్ములు మోసేటోళ్ల చేతులు పగులుతున్నయా?"

ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, టీ తాగుతున్న బీహార్ కుర్రాణ్ణి పిలిచి అరచేతులు తెరవమన్నాడు. తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. "గిది ఆగుతదా నీ గ్లవ్స్‌తోని?" అన్నాడు. ఏడాది ఆర్డర్ అడగలేదు. నాలుగు జతలు ఇచ్చి, వారం తర్వాత అదే వేళకు మళ్లీ వస్తానన్నాను. నా మాత్రలు కూడా అట్లాగే తగ్గాయి, కొంచెం కొంచెంగా, డాక్టరమ్మ చెప్పిన రోజుకు వెళ్తూ.

దసరా దగ్గర పడుతుంటే సేఠ్ పెద్ద ప్లాంటు ఒకటైనా పట్టమన్నాడు. మా పాత ప్లాంటుకు వెళ్లాను. సెక్యూరిటీ రూము బయట మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. ప్రసాద్ గారు వచ్చి అడిగారు.

"నిజంగా మానేశావా, ఇవాళ తాగలేదా?"

"ఇయ్యాల తాగలేదు సార్. ప్యాకింగుల చేసేటోళ్ల చేతులు మీరు చూసిన్రా? నేను చేసిన గదా, నాకెర్క."

ఆయన శాంపిల్ తీసుకున్నారు. వారం తిరిగేసరికి ఆర్డర్ ఇంకో డీలర్‌కు పోయింది. నేనిచ్చిన రకమే, వేరేవాడి దగ్గర కొన్నారు.

ఆ కబురు ఇస్నాపూర్ చౌరస్తాలో తెలిసింది. అదే వేళ. సుజాతకు ఫోన్ చేశాను. ఎక్కడున్నావని కాదు, ఆమె అడిగింది ఇది: "బండి ఏ దిక్కు పెట్టి ఉన్నది?"

"సంగారెడ్డి దిక్కు." మా ఊరి తోవ అదే.

"తిప్పు. ఇంకో గేటు చూస్కొని రా. బువ్వ ఉంచుత."

తిప్పాను. టీ కొట్టు దగ్గర నాలుగు జతలు తీసుకున్న ఆ కాంట్రాక్టర్ దసరాలోపే తన మనుషులందరికీ కొన్నాడు. సేఠ్ నన్ను ఉంచాడు. జీతం ఆపరేటర్ రోజుల్లో వచ్చినదానికి సగం కూడా లేదు. నిద్ర ఇప్పటికీ సరిగా పట్టదు. మా బావతో మాట్లాడను. ప్రసాద్ గారి గేటుకు మాత్రం ప్రతి వారం వెళ్తాను, ఆయన ప్రతి వారం నిలబెడతారు.

ఇది చదివేవాళ్ల ఇళ్లలో కల్లు తాగేవాళ్లుంటే ఒక్కటే చెబుతాను. సొంతంగా ఒక్కసారే ఆపించకండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. అక్కడ మందు అలవాటు ఉందా అని అడిగితే లేదని ఊరుకోకండి. కల్లు అని పేరు పెట్టి చెప్పండి, చివరిసారి ఎప్పుడు తాగాడో చెప్పండి. అడగకపోయినా చెప్పండి. కల్లు సంగతి అడగని ఆ గుజరాత్ డాక్టరును నేను క్షమించలేదు. కానీ ఆయన అడగలేదన్న కోపంతో నా ఉద్యోగం తిరిగి రాలేదు.