నాలుగో మాట

మొన్న మంగళవారం పొద్దున తొమ్మిదింపావుకు, పక్క చేను యాదమ్మ పత్తిలో ఎర్రబడిన ఆకొకటి తుంచి నలిపాను. ఆ పసరు వాసన తగలగానే మాధవి గుర్తొచ్చింది. యాదమ్మ అలాంటి ఆకునే ఫోనుతో ఫోటో తీసింది. తెర మీద వంకర అక్షరాలతో ‘తెల్వదు’ అని వచ్చింది. అది నా చేతిరాత.

మాధవిది అచ్చంపేట. హైదరాబాదులో సినిమాలకు కంప్యూటరులో వానలు, వరదలు తయారుచేసేది. అది మాని యంత్రానికి చూపు నేర్పే పరిశోధనలో పడింది. ఆకును ఫోటో తీస్తే రోగమేదో యంత్రమే చెప్పాలని ఆమె పట్టుదల. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు మా మర్రిగూడకొచ్చి, పత్తి బాగా ఎరిగినవాళ్లెవరని అడిగితే ఊరు నన్ను చూపించింది.

“సినిమాల వాన కురిపిచ్చినవంట. జర మా చేన్ల గూడ కురిపియ్యరాదు?” అన్నాను.

“గా వానకు ఒక్క ఆకు తడవది పెద్దమ్మా. గందుకే ఇడిసిపెట్టి వచ్చిన” అంది.

ఆమె తెచ్చిన ఆకుల ఫోటోల కింద నేను రోగం పేరు రాయాలి. వాటిని చూసి యంత్రం నేర్చుకుంటుంది. నాకు అక్షరం రాదు. నోటితో చెబుతా, నువ్వే రాసుకో అన్నాను. “నడుమ నేనుంటే నా తప్పులు గూడ కలుస్తయ్” అని వినలేదు. అట్లా అరవై దాటాక పలక పట్టాను. దోమ, తెగులు, బలం తక్కువ. ఈ మూడు మాటలే నా చదువు. చిక్కంతా ఎర్రాకు దగ్గరే. ఆకు రసం దోమ పీల్చినా ఎర్రబడుతుంది, నేలలో బలం తగ్గినా ఎర్రబడుతుంది. చేనులో అయితే ఆకు తిప్పి, అడుగున దోమ ఉందేమో చూస్తాను. కాగితం తిప్పితే ఏముంటుంది? అయినా ఊరు చూపించిన మనిషిని. తోచింది రాసేశాను.

మూడో ఏడు మా గట్టు మీదే యంత్రానికి పరీక్ష పెట్టింది. పదిరోజుల్లో ఈ పనికి డబ్బిచ్చే పైవాళ్లు వస్తారు, నచ్చకపోతే పని ఆపేస్తారు. యాదమ్మ ఎర్రాకు చూపిస్తే యంత్రం దోమ అంది. యాదమ్మ మందు కొట్టడానికి లేచింది. నేను ఆకు తిప్పాను. ఒక్క దోమ లేదు. మాధవి సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. రెండింటిలో ఒకే ఆకు. ఒకదాని కింద దోమ, ఇంకోదాని కింద బలం తక్కువ. రెండూ నా రాతే.

“ఒక్క బొమ్మనే రెండుసార్లు పెట్టి నన్ను పరీక్ష చేసినవా?”

“అందర్ని చేస్త పెద్దమ్మా. నన్ను గూడ.”

“తెల్వక రాసిన. తెల్వదంటే ఇజ్జత్ పోతదని రాసిన.”

“నీకు తెల్వనిది గూడ ఉన్నదా లచ్చక్కా?” అని యాదమ్మ నవ్వింది.

మాధవి నవ్వలేదు. “తప్పు నాది. గా మాట నీకు నేర్పనే లేదు” అని ‘తెల్వదు’ ఎట్లా రాయాలో చూపించి పలక నా ఒళ్లో పెట్టింది. రాశాను. కొత్త మాట కదా, అక్షరాలు వంకరపోయాయి. దానికే ఫోటో తీసుకుంది.

పైవాళ్లకు యంత్రం తప్పు చెబుతోందని ఆమే చెప్పేసింది. వాళ్లు పని ఆపేశారు. అయినా ఏడాదిపాటు బస్సెక్కి వచ్చింది; మొదటి కాగితం నుంచి మళ్లీ రాశాం, ఈసారి నాలుగు మాటలతో. పని అయ్యాక ఫోను చేసింది. “ఒకపారి హైదరాబాద్ రా పెద్దమ్మా, నీ రాత యాడ పెట్టిన్నో చూపిస్త.” పత్తి ఏరుడు కానీ బిడ్డా అన్నాను. ఏరడం కాకముందే దవాఖానలో ఆమె గుండె ఆగిపోయింది.

ఎక్కడ పెట్టిందో మొన్న చూశాను. నా రాత కింద అచ్చక్షరాల్లో ఇంకో ముక్క ఉంటే యాదమ్మ చదివి చెప్పింది: ఆకు తిప్పి చూడండి. తిప్పాను. దోమ ఉంది.

ఇప్పుడెవరేం అడిగినా, రాకపోతే ఆ మాటే అంటాను. ఇజ్జత్ ఏమీ పోలేదు. అది నేను మొదటిసారి రాసిననాడు గట్టు మీద ఉన్నది ముగ్గురమే. యాదమ్మ, నేను, మాధవి.