పాలక్క పిల్లలకు చెప్పిన మాట

‘పుస్తకం అచ్చుకు పోకముందే మీ గుమ్మంల కూసొని మొత్తం చదివి వినిపిస్తం అక్కా’ అని పదకొండేళ్ల కింద నా తమ్ముడు మాట ఇచ్చాడు. ఆ మాట తీసుకున్న మనిషి, మా పక్కింటి పాలక్క, మొన్న మంగళవారం పొద్దున ఉప్పుగూడలో కన్నుమూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చదివి వినిపించలేదు.

తమ్ముడు యూనివర్సిటీలో ప్రొఫెసర్. బస్తీ వాళ్లతో కలిసి పనిచేస్తామంటూ నలుగురు పరిశోధక విద్యార్థులను వెంటేసుకొచ్చాడు. వాన పడితే మా బస్తీ మురుగు నాలా ఎందుకు పొంగుతుందో తేల్చాలట. వాళ్లను పాలక్క దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ఒప్పుకోలు కాగితం చదివి ఆమె చేత వేలిముద్ర వేయించిందీ నేనే.

ఆమెకు ఏడు బర్రెలు, నాలా ఒడ్డున ఒక కొట్టం. నేను చదువుతూ కూర్చుంటే ఊరుకునేది కాదు. ‘సారూ, గిన్ని పుస్తకాలు చదివినవ్, నా బర్రె ఎన్నడు ఈనుతదో ఏ పుస్తకంల ఉన్నది?’ విద్యార్థులకూ మర్యాదలేం చేయలేదు. ‘ఊకె నిలబడి అడుగుతె చెప్ప. ఒక తట్ట పేడెత్తు, ఒక సవాలడుగు’ అంది. ఆ వానకాలం ఆదివారాలన్నీ వాళ్లు పేడ ఎత్తారు. ఒక అమ్మాయికి పాలు పిండటం కూడా వచ్చింది. ‘నీ చదువు అక్కరకు రాకుంటె నా తానకు రా బిడ్డా, కొలువిస్త’ అనేది పాలక్క.

కొట్టంలోకి నీళ్లొచ్చిన ప్రతిసారీ ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద సున్నంతో గీత పెట్టడం ఆమెకు అలవాటు. ఏ గీత ఏ దూడ పుట్టిన ఏడాదిదో ఆ పిల్లలకు వేలు పెట్టి చూపించింది. ఆ నమ్మకంతోనే ఇంకో మాటా చెప్పింది: ‘ఒకప్పుడు నాలా గీడిదాంక ఉండె. మా మామ మట్టి పోసి, జరిపి, గీ కొట్టం కట్టిండు.’

రెండేళ్లకు పుస్తకం వచ్చింది, ఇంగ్లీషులో. మీరు చూసి ఉండరు. అందులోని పటంలో పాలక్క కొట్టం ఎర్రరంగులో ఉంది, పక్కనే ఆమె చెప్పిన మాట. ఆ పేజీ చేతిలో పట్టుకొని, నాలాను ఆక్రమించి కట్టారంటూ మున్సిపల్ ఆఫీసు వాళ్లు జేసీబీతో వచ్చారు. నాలాను మింగిన మేడలు ఆ వరసలో ఇంకా ఉన్నాయి. వాటి యజమానులు ఎవరికీ ఏమీ చెప్పలేదు కనక ఈరోజుకీ నిలబడే ఉన్నాయి.

కూలుతున్న గోడ ముందు నిలబడి నన్ను అడిగింది: ‘గీ ముచ్చట వాళ్లకెవరు చెప్పిండ్రు సారూ?’

‘నువ్వే చెప్పినవక్కా.’

‘నేను పిల్లలకు చెప్పిన. ఆఫీసుకు చెప్పలే.’

కట్టేసే జాగ లేక బర్రెలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఆమె కిరాణా దుకాణంలో పాల ప్యాకెట్ కొని, కొంగు కింద దాచుకొని ఇంటికి తెచ్చుకునేది.

తమ్ముడు మాత్రం పేడతట్టల కథ సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఎందుకు చదివి వినిపించలేదురా అని నిలదీస్తే ‘టైం లేకుండె అన్నా, మర్చిపోయిన’ అన్నాడు. ఇన్నేళ్లూ సగం నమ్మాను.

పాలు పిండటం నేర్చుకున్న ఆ అమ్మాయి మొన్న చావుకు వచ్చింది. ఇప్పుడు తనూ పాఠాలు చెప్తోంది. పాడె పక్కన నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ‘వినిపిద్దామని నేనన్న సార్. వింటే ఆమె గా మాట తీసెయ్యమంటది, మన దగ్గరున్న ఒక్క సాక్ష్యం పోతదని మా ప్రొఫెసర్ సారే వద్దన్నరు.’

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. సంతాప సభ పెడతాడట. ‘నువ్వు మస్తు మాట్లాడుతవన్నా, వచ్చి రెండు ముక్కలు చెప్పు.’

నేను వెళ్లను. చెప్పేది ఇక్కడే చెప్తున్నాను. ఆఫీసు వాళ్లకు ఆమె ఎవరో తెలియదు. ఆ పిల్లలు భయపడ్డారు. చదివి వినిపిస్తామన్న మాట చేతిలోని కాగితంలో లేదని చూసుకోకుండా నేను వేలిముద్ర వేయించాను. మా అందరి తప్పూ ఎప్పటికైనా మన్నించగలనేమో. అంతా తెలిసి నోరు మూయించినవాణ్ణి మన్నించను. వాడు నేను వేలు పట్టుకొని బడికి తీసుకుపోయిన నా తమ్ముడు.