దూసరాకు గడ్డను ముట్టొద్దు

హాతీరాంకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎడ్లు నిదానంగా నడిస్తే కోపం, తొందరగా నడిస్తే కోపం. దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న ఆ తండాలో ఆయన గొంతు వినిపించని పొద్దు లేదు. అట్లాంటి మనిషికి దేవుడు అప్పజెప్పిన పని చూడండి: ఆకు పసరు గడ్డకట్టేదాకా గిన్నె పక్కన ఉలకకుండా పలకకుండా కూర్చోవడం.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఆయన భార్య కమ్లికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అన్నిటినీ మించిన చిక్కు గొంతుతో వచ్చింది. నీళ్లు తాగిస్తే పొరబోయి ఊపిరాడేది కాదు. అన్నం పెడితే మెతుకు అడ్డం పడేది. “పల్చటివి వద్దు, గట్టివి వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు” అని సత్తుపల్లిలో డాక్టరు తేల్చేశాడు. మరి ఆ రెంటికీ మధ్యన ఏముందో ఆ మహానుభావుడు చెప్పలేదు.

హాతీరాంకు దూసర తీగ గుర్తొచ్చింది. దాని ఆకులు నీళ్లలో పిసికి, పసరు గుడ్డలో వడగట్టి వదిలేస్తే కాసేపటికి పచ్చగా గడ్డకడుతుంది. ఒంటికి వేడి చేసినప్పుడు చక్కెర వేసుకుని తింటారు. గడ్డకట్టకముందే దాంట్లో కాసిని పాలు కలిపి కమ్లికి పెట్టడం మొదలుపెట్టాడు. ఆ గడ్డేమన్నా మాట వింటుందా? ఆకు ఎక్కువైతే గట్టిపడి, నాలుకతో నొక్కినా విరిగేది కాదు. తక్కువైతే చెంచాలో నిలిచేది కాదు. కుదిరిన రోజు మాత్రం చెంచా మీద వణుకుతూ నిలబడేది, కమ్లి నాలుకతో అంగిటికి అదిమితే మెత్తగా విడిపోయి దిగేది. కుదరని రోజు హాతీరాం ఆకుల్నీ, నీళ్లనూ, తన చేతుల్నీ కలిపి తిట్టేవాడు.

దానికి తోడు జనం. ఆ తండాలో జబ్బు మనిషిని చూడ్డానికొచ్చిన వాళ్లు తమ చేత్తో ఒక్క ముద్దైనా పెట్టి పోవాలి. పెట్టేముందు గట్టిపడిందో లేదోనని ప్రతి ఒక్కరూ గిన్నెలో వేలు పెట్టేవారు. వేలు దిగినచోట చిన్న చీలిక పడేది. గిన్నె కదిలితే ఆ చీలికే అంచుదాకా పాకేది, గడ్డ రెండుగా పగిలి అందులోంచి నీరు ఊరేది. ఆ నీరే కమ్లికి గండం. “ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె మీకు?” అని ఆయన నెత్తి కొట్టుకునేవాడు. “వేలు పెడితే ఏమైతది?” అనేవారు వాళ్లు.

ఏమవుతుందో ఒకరోజు తేలిపోయింది. ఆయన ఆకు కోసం వెళ్లినప్పుడు కమ్లి అక్క గోరి వచ్చింది. గడ్డలో వేలు గుచ్చింది, చాలదన్నట్టు గిన్నె వంచి చూసింది, ఊరిన నీటితో సహా చెల్లెలి నోట్లో పెట్టింది. హాతీరాం వచ్చేసరికి కమ్లి కళ్లు తేలేసింది. ముందుకు వంచి వీపు మీద చరిస్తే ఎప్పటికో ఊపిరి తిరిగింది.

“నా చెల్లెకు ఒక్క ముద్ద పెట్టుకోవద్దా?” అని గోరి ఏడ్చింది.

“ముద్ద కాదు వదినా, నీళ్లు పోసినవు! ఇంకెవ్వరూ నా గడప తొక్కొద్దు!”

మర్నాడు గడ్డ ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. కమ్లి నోరు తెరవలేదు. బతిమాలాడు, తిట్టాడు, చెంచా పెదవులకు ఆనించాడు. మొహం గోడ వైపు తిప్పుకుంది. మధ్యాహ్నమైనా అంతే.

“ఏందే నీ పంతం? ఎవలి కోసం చేస్తున్ననే ఇదంతా?”

కమ్లి ఎడమ చెయ్యి ఎత్తి వాకిలి చూపించింది. వాకిలికి ఎదురుగా గోరి గుడిసె. హాతీరాంకు ఒళ్లు మండిపోయింది. చావు తప్పి ఒక్క రోజు కాలేదు, మళ్లీ ఆ అక్కే కావాలట! కానీ అసలు సంగతి, ఆయనకు భయం వేసింది. పొద్దుటి నుంచి ఆమె కడుపులో ఏమీ పడలేదు. ఎదురు గుడిసెకు వెళ్లాడు.

“వదినా, నడువు. నువ్వు పెడితేనే తింటదట.”

“నిన్న గడప తొక్కొద్దంటివి గద?”

“నిన్న అన్న. ఇయ్యాల రమ్మంటున్న. జల్దీ నడువు.”

పొద్దుటి గడ్డ అప్పటికే నీరు వదిలేసింది. గోరి కొత్త ఆకు పిసికింది, వడగట్టింది, గిన్నెను పక్కన పెట్టింది. తర్వాత తన మీద తనకే నమ్మకం లేనట్టు రెండు చేతులూ పైటకొంగులో చుట్టేసుకుని కూర్చుంది. ఇద్దరూ గిన్నెనే చూస్తున్నారు. పొద్దు వాలుతోంది. గట్టిపడిందో లేదో తెలియదు. కమ్లి ఆకలితో ఉంది. హాతీరాం ఇక ఆగలేక వేలు చాపాడు.

గోరి కొంగులోంచి చెయ్యి లాగి ఆ వేలి మీద ఫట్‌మని కొట్టింది. “ముట్టకు! పగులుద్ది!”

మంచం మీద గురగురమని చప్పుడైంది. మళ్లీ పొరబోయిందేమోనని ఇద్దరూ లేచి పరుగెత్తారు. కమ్లి నవ్వుతోంది. సగం మూతే కదులుతోంది, అయినా నవ్వుతోంది.

గోరి చెంచాతో అంచు నుంచి మెల్లగా కోసింది. కమ్లి నోరు తెరిచింది. మింగింది. హాతీరాం దగ్గు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. దగ్గు రాలేదు. కమ్లి మళ్లీ నోరు తెరిచింది.

“పెట్టు వదినా, చూస్తవేంది, పెట్టు!” అని హాతీరాం తండా అంతా వినబడేటట్టు అరిచాడు.