చిన్నమ్మ పెళ్లి క్యాసెట్

ట్రంకు పెట్టెలోంచి చిన్నమ్మ పెళ్లి క్యాసెట్ తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. మన ఈడు వాళ్లకు గుర్తుందా? పెళ్లి క్యాసెట్ చూడాలంటే వీసీఆర్ కిరాయికి తెచ్చేవాళ్లం. కేతేపల్లిలో మా వాకిట్లో వాడకట్టంతా కూర్చునేది. టీవీలో పసుపు దంచుతూ అవ్వ పాట ఎత్తుకోగానే, చూస్తున్న ఆడవాళ్లూ గొంతు కలిపేవారు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు ఆ పాట వినిపించాలని, క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం కొని డిస్క్ చేశాను. తొందరలో బొమ్మ వైరు ఒక్కటే పెట్టాను, సౌండు వైర్లు మరిచాను. మళ్లీ ఎక్కిద్దామని వెనక్కి తిప్పుతుంటే బూజు పట్టిన రీలు ముక్కలైపోయింది.

డిస్క్‌లో అవ్వ పెదవులు కదులుతున్నాయి.

"మా అమ్మ పాడుతాంది గదా బిడ్డా, జర సౌండు పెంచు."

"సౌండు ఎక్కలేదమ్మా. వైరు పెట్టుడు మరిచిన. రీలు గూడ ఖరాబైంది."

అమ్మ తిట్టలేదు. టీవీ దగ్గరికి జరిగి, అవ్వ పెదవులు చూస్తూ తనే పాట అందుకుంది. మేనమామ మాట వచ్చే చరణం దగ్గర ఆగిపోయింది.

"గీడ ఏమన్నదో యాదికొస్తలేదు."

అప్పటినుంచి అమ్మ ముఖం చూడలేకపోతున్నాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు పసుపు దంచే పాటలో ఆ మేనమామ చరణం వస్తుందేమో, ఒక్కసారి అడిగి చెప్పండి.