నేను గద్దించిన గోడ

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ పరాయి దేశానికొచ్చాక క్రాన్‌బర్న్‌లో మేమున్న యూనిట్ ఇంట్లో గోడ నన్ను పిలిచేది. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఇది నిజంగా జరిగింది!

నా భర్త రాత్రి షిఫ్టు ముగించి పడుకుని మధ్యాహ్నం మూడింటికి లేచేవాడు, కూరలో ఉప్పు తగ్గినా, నా ఫోన్ మోగినా చెయ్యి చేసుకునేవాడు. ప్రార్థన కూటంలో ఆంటీలకు చెప్పుకుంటే, "లోబడి ఉండమ్మా, పోలీసులూ గీలీసులూ అంటే వీసా ఏమవుతుందో" అన్నారు. అయితే అతను కొట్టి బయటికి వెళ్లగానే, వంటగది గోడలోంచి టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు వినిపించేవి, సన్నగా ధూపం వాసన వచ్చేది. ఆ గోడకు అవతలి యూనిట్ కిటికీ బ్లైండ్లు ఎప్పుడూ దించే ఉండేవి, ఖాళీ ఇల్లనుకున్నాం. ఇది దురాత్మేనని ఆలివ్ నూనె మీద ప్రార్థించి గోడకు రాసీ రాసీ అర సీసా అవగొట్టాను, "యేసు నామంలో పో!" అని గట్టిగా గద్దించేదాన్ని. కొట్టిన మనిషిని ఒక్క మాట అనలేక గోడ మీద కేకలేశాను, చూడండి నా విశ్వాసం!

ఒక మధ్యాహ్నం అతను కొట్టి వెళ్లాక, కింద పడినదాన్ని లేవలేకపోయాను, గోడను గద్దించే ఓపిక కూడా లేకపోయింది. గోడలోంచి మూడు దెబ్బలు వినిపించాయి. కాసేపటికి మళ్ళీ మొదలై, ఈసారి ఆగలేదు. "ప్రభువా, అది ఎవరైనా సరే, రానివ్వు" అని మనసులోనే ప్రార్థించి, పెళ్లి ఉంగరంతో గోడను తట్టాను. చప్పుడు ఆగిపోయింది! అతను గడియ వేయకుండా వెళ్లిన వెనక తలుపు తెరుచుకుని, నల్లటి ముసుగులో పొడవాటి ఆకారం ఒకటి వచ్చి నా పక్కన కూర్చుంది. దాని చెయ్యి వెచ్చగా ఉంది.

ఆమె పేరు హోదన్, సొమాలియా ఆవిడ. భర్త కొడితే వాళ్ళ పెద్దలు రెండుసార్లు సర్దిచెప్పి, ఓర్చుకోవడమే ఆడదాని మర్యాదని వెనక్కి పంపారట. చివరికి అతనికి తెలియకుండా, మేం ఖాళీ అనుకున్న ఆ పక్క యూనిట్‌కొచ్చి దాక్కుంది. ఆ ధూపం వాళ్ళ ఇళ్లల్లో రోజూ వేసేదే. "నా గోడను ఎవరూ తట్టలేదు, సిస్టర్, అందుకే నేను తడతాను. నువ్వు అరిస్తే బతికున్నావని ఊరుకునేదాన్ని. ఈ రోజు నువ్వు అరవలేదు" అంది. తన జాడ బయటపడుతుందన్న భయం ఉన్నా, తన ఫోన్‌తోనే అంబులెన్స్‌నీ పోలీసులనీ పిలిచింది.

ఈ రోజు నేను వేరే ఇంట్లో క్షేమంగా ఉన్నాను, దేవునికే మహిమ! నేను వెళ్లగొట్టాలనుకున్న ఆమెనే ప్రభువు నా దగ్గరికి పంపాడు. నాలా దెబ్బలు తింటున్న సహోదరీ, ఆయనను నమ్ము; చెప్పుకోవడానికి నోరు రాకపోతే, ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ముందు కుర్చీని మూడుసార్లు తట్టు, నేను వస్తాను. పోయిన ఆదివారం మందిరంలో ఈ మాటే చెప్పి ప్రార్థిస్తుంటే ఎవరో తట్టారు. కళ్ళు తెరిచి చూస్తే అందరూ తలలు వంచుకునే ఉన్నారు. అమ్మా, నువ్వెవరో నాకు తెలియలేదు. దయచేసి మళ్ళీ తట్టు.